బొబ్బిలి కోటలో మాట వినని ముసలాయన

బొబ్బిలి యుద్ధంలో వీరుడెవరని అడిగితే మనలో ఎవరికీ ఆలోచించాల్సిన పని ఉండదు. తాండ్ర పాపారాయుడు. ఇంకొక పేరు చెప్పమంటే రాజా రంగారావు, ఆ తర్వాత రాణి మల్లమ్మ. దుర్మార్గుడెవరంటే విజయనగరం ప్రభువు విజయరామరాజు, అతనికి అండగా వచ్చిన ఫ్రెంచి దొర బుస్సీ, ఆ దొర చెవిలో మాటలు ఊదిన దుబాసీ హైదర్ జంగ్. జంగం కథ పాడినా, బుర్రకథ చెప్పినా, నాటకం ఆడినా, సినిమా తీసినా ఈ పాత్రల పంపకం మాత్రం మారదు. జమిడిక మోగగానే ఎవరి పేరుకు చప్పట్లు కొట్టాలో, ఎవరి పేరుకు పళ్ళు నూరాలో జనానికి ముందే తెలుసు.

ఈ పంపకంతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. పాపారాయుడి ధైర్యం గొప్పది కాదని నేను అనను. రంగారావు పిరికివాడని అంతకన్నా అనను. కానీ 1757 జనవరి 24న ఆ కోటలో జరిగిన ఒక చిన్న పనిని నేను విన్న కథలన్నీ ఒక్క ముక్కలో దాటేశాయి. పిల్లవాడు బతికాడు అని చెప్తారు. ఎలా బతికాడో, ఎవరు బతికించారో, బతికించడానికి ఆ మనిషి ఎవరి మాట కాదనవలసి వచ్చిందో చెప్పరు. నన్నడిగితే ఆ రోజు కోట లోపలా బయటా ఉన్న వేలమందిలో శీలమంటూ ఉన్నవాడు ఆయనే. ఆయన కత్తి దూయలేదు. శపథం చేయలేదు. చేసిందల్లా రాజుగారి మాట వినకపోవడం.

ముందు గొడవ సంగతి. 1753లో ఉత్తర సర్కారులు హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ చేతి మీదుగా ఫ్రెంచివారికి దక్కాయి. శిస్తు వసూలుకు స్థానికంగా ఒక గట్టి మనిషి కావాలి కాబట్టి బుస్సీ విజయరామరాజును చేరదీశాడు. విజయనగరం, బొబ్బిలి ఇరుగుపొరుగు సంస్థానాలు. ఒకరు పూసపాటి రాజులు, ఇంకొకరు వెలమ దొరలు. పౌరుషాల సంగతి ఎలా ఉన్నా అసలు తగాదా మాత్రం మన పల్లెల్లో ఇప్పటికీ కనిపించే తగాదాయే, నీళ్ళది. బొబ్బిలివాళ్ళు వాగుల నీళ్ళను తమ పొలాలకు మళ్ళించుకుంటున్నారనీ, తన ఊళ్ళ మీద పడి దోచుకుపోతున్నారనీ విజయరామరాజు మొర. ఇది మన కథల్లో వినిపించదు. దుర్మార్గుడికి న్యాయమైన ఫిర్యాదు కూడా ఒకటి ఉంటే కథ పట్టు సడలుతుందని భయం కాబోలు.

ఆ ఫిర్యాదుతో అతను చేసిన పని మాత్రం న్యాయమైనది కాదు. పొరుగువాడి మీదికి తాను వెళ్ళి గెలవలేక, పరాయి ఫిరంగిని తెచ్చుకున్నాడు. పాత కోట వదిలేస్తే వేరేచోట జాగీరు ఇస్తామని బుస్సీ రంగారావుకు కబురు పంపాడు. తాతల నాటి నేలను వదిలి పొమ్మనడం రంగారావుకు అవమానంగా తోచింది. ఆ తర్వాత బొబ్బిలి అడవి దారిలో ఫ్రెంచివారి సిపాయి దళం మీద దాడి జరిగి 30 మంది చనిపోయారు. చేయించింది విజయరామరాజే అన్న మాట ఆ రోజుల్లోనే ఉండేది. నెపం మాత్రం రంగారావు మీద పడింది. బుస్సీకి అంతకంటే సాకు అక్కర్లేకపోయింది.

ఇదంతా మనకు వివరంగా అందించినవాడు రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు. యుద్ధం జరిగిన కాలంలో అతను మద్రాసులో కంపెనీ కౌన్సిల్ సభ్యుడు. హిందూస్థాన్‌లో బ్రిటిష్ వారి సైనిక వ్యవహారాల గురించి రాసిన పెద్ద గ్రంథంలో, 1778లో వచ్చిన రెండో సంపుటంలో ఈ యుద్ధం ఉంది. అతను బొబ్బిలిలో లేడు. విన్నదీ సేకరించిందీ రాశాడు. ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళకు బద్ధశత్రువులు కాబట్టి ఫ్రెంచి సైన్యం చేతుల మీద నెత్తుటి మరకలు కనిపించడం అతనికి కష్టమైన విషయమేమీ కాదు. పైగా అతని వాక్యాల్లో నాటకీయత పాలు ఎక్కువ. ఇవన్నీ మనసులో పెట్టుకునే చదవాలి. అయినా ఆ కొద్ది పుటలు చదివాక మన బుర్రకథలు విన్నట్టుగా వినడం కష్టం.

ఆర్మ్ లెక్క ప్రకారం కోటలో ఆయుధం పట్టగలవాళ్ళు 250 మంది. బయట 750 మంది ఐరోపా సైనికులు, నాలుగు ఫిరంగులు, పదకొండు వేల సిపాయిలూ బంట్లూ. తెల్లవారుతూనే ఫిరంగులు నాలుగు బురుజుల మీద మొదలయ్యాయి. గోడ ఎక్కాలని చూసినవాళ్ళను బొబ్బిలివాళ్ళు మళ్ళీ మళ్ళీ కిందికి తోశారు. ఇది నిజమైన శౌర్యం. దీని గురించి ఎంత పాడినా తక్కువే. 250 మంది మట్టి గోడ మీద నిలబడి ఫిరంగులను మధ్యాహ్నం దాకా ఆపారు.

మధ్యాహ్నానికి కోట నిలవదని రంగారావుకు తెలిసిపోయింది. ముఖ్యులను పిలిచాడు. ఇక మిగిలింది ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతిలో పడకుండా చూడటమే అన్నాడు. ఈ పనికి కొంతమందిని ఎంపిక చేశారు. వాళ్ళు తలా ఒక కాగడా, ఈటె, బాకు తీసుకుని కోట నడుమ ఉన్న ఇళ్ళకు వెళ్ళారు. గంధకం, తారు పట్టించిన గడ్డితో ఇళ్ళకు నిప్పు పెట్టారు. మంటకూ పొగకూ తాళలేక బయటికి రాబోయిన ప్రతి స్త్రీనీ, ప్రతి బిడ్డనూ పొడిచారు. ఆ పని ముగించుకుని పూనకం పట్టినవాళ్ళలా తిరిగి గోడల మీదికి వచ్చి, పోరాడి చచ్చిపోయారు.

మన కథల్లో ఈ ఘట్టం ఎలా ఉంటుందో మీకు తెలుసు. రాణి మల్లమ్మ ధీరగా నిలబడుతుంది. ఆడవాళ్ళందరూ ఒక్క మాట మీద మానం కోసం ప్రాణం వదులుతారు. వినేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి, గర్వంతో. అలా మనస్ఫూర్తిగా మంటల్లోకి నడిచినవాళ్ళు ఉండి ఉండవచ్చు. కాదనడానికి నేనెవరిని? కానీ ఈటెలు పట్టుకుని గుమ్మాల దగ్గర మనుషులు ఎందుకు నిలబడ్డారు? అందరూ ఇష్టపడే చచ్చిపోతుంటే పొడవడానికి ఎవరూ మిగలకూడదు. బయటికి పరిగెత్తినవాళ్ళు ఉన్నారు కాబట్టే బాకులకు పని పడింది. నాలుగేళ్ళ పిల్లకు మానం అంటే ఏమిటో తెలియదు. మంట అంటే తెలుసు. అమ్మ కొంగు పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఉంటుంది. ఎదురుగా నిలబడినవాడు ఆ పిల్లకు బాబాయో, మేనమామో, తండ్రో.

పోతన భాగవతం ప్రథమ స్కంధంలో ఒక పద్యం ఉంది. తెలుగు వచ్చిన ప్రతివాడూ బడిలోనో ఇంట్లోనో ఎప్పుడో ఒకప్పుడు విని ఉంటాడు. నిద్రపోతున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఆమె అతన్ని తిట్టదు, శపించదు. అడుగుతుంది. వాళ్ళు నీ మీదికి ఆయుధాలు పట్టుకుని రాలేదు, యుద్ధభూమిలో లేరు, నీకు రవ్వంత ద్రోహం చేయలేదు, పోరు తెలియని చిన్న పాపలు అంటూ చివరికి, “నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో” అంటుంది. తన అయిదుగురు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి హంతకుణ్ణి అడిగిన ప్రశ్న అది. చేతులెలా ఆడాయి? ధర్మశాస్త్రం తిరగేయాల్సిన పని లేకుండా తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించే ప్రశ్న. ఆ తర్వాత, నాలా అతని తల్లి కూడా ఏడవకూడదు, విడిచిపెట్టండి అని ద్రౌపదే అంటుంది. భారత భాగవతాల్లో వీరులను లెక్కపెట్టేటప్పుడు మనం ఆమెను ఎందుకు చేర్చమో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఈ పద్యం గుర్తొచ్చినప్పుడల్లా నాకు బొబ్బిలి రెండుసార్లు తట్టుతుంది. ఒకటి ఇళ్ళ మధ్య కాగడాలు పట్టుకున్నవాళ్ళ దగ్గర. రెండోది విజయరామరాజు గుడారం దగ్గర.

రెండోదే ముందు చూద్దాం, అది సులభం కాబట్టి. ఆర్మ్ కథనంలో పాపారాయుడి పేరు లేదు. రంగారావు పడిపోవడం చూసిన నలుగురు సైనికులు కోటలో ఒక మూల దాక్కుని, చీకటి పడ్డాక గోడ దిగి, భాష ఒకటే కావడంతో విజయనగరం సైన్యంలోంచి ఎవరికీ అనుమానం రాకుండా పొదల్లోకి చేరుకున్నారని ఉంది. రెండు రోజులు కాచుకున్నారు. శిబిరంలో సందడి తగ్గాక ఇద్దరు బయల్దేరారు. వాళ్ళ వల్ల కాకపోతే మిగిలిన ఇద్దరు ఆ పని చేయాలని నలుగురికీ ప్రమాణం. ఆ ఇద్దరూ గుడారం వెనక నుంచి పాకి లోపలికి వెళ్ళారు. విజయరామరాజు ఒంటరిగా నిద్రపోతున్నాడు. భారీ మనిషి. మూలుగు విని కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి ఆ ఇద్దరూ శవాన్ని చూపించి, “చూడండి, మా కసి తీరింది” అన్నారు. అక్కడికక్కడే తుపాకులకు కూలిపోయారు. రాజు ఒంటి మీద 32 పోట్లు ఉన్నాయి. మన సంప్రదాయంలో ఇదే పని రాజాం నుంచి ఆలస్యంగా వచ్చి, తోబుట్టువు రాణి మల్లమ్మ ఊరు బూడిదై ఉండటం చూసిన పాపారాయుడు చేశాడు.

విజయనగరం వైపు నాకు బంధువులున్నారు. వాళ్ళతో ఈ ప్రస్తావన తెస్తే ఒకే ఒక్క మాట అంటారు: “నిద్రపోతున్నవాణ్ణి పొడవడం ఏం మగతనం?” బొబ్బిలి స్నేహితుణ్ణి అడిగితే, పదకొండు వేలమందిని వేసుకుని 250 మంది మీదికి రావడం ఏం మగతనమో ముందు చెప్పమంటాడు. ఇద్దరూ సరిగ్గానే అడుగుతున్నారని నా ఉద్దేశం. అశ్వత్థామ చేసిన పనికీ దీనికీ పోలిక ఉంది: రాత్రి, గుడారం, నిద్ర, పగ. తేడా కూడా ఉంది. పాపారాయుడు వెళ్ళింది పసిపిల్లల దగ్గరికి కాదు, ఈ నాశనానికి మూలమైన మనిషి దగ్గరికి. బతికి బయటపడతానన్న ఆశ పెట్టుకోలేదు. కాబట్టి అతన్ని అశ్వత్థామ పక్కన నిలబెట్టను. అలాగని అభిమన్యుడి పక్కనా నిలబెట్టలేను. పగ తీర్చుకోవడానికి తెగువ కావాలి, అది అతనికి కావలసినంత ఉంది. అంతవరకే.

భారతం సౌప్తిక పర్వంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అశ్వత్థామ కాదు, కృపాచార్యుడు. ఆ రాత్రి చెట్టు కింద అశ్వత్థామ తన ఆలోచన చెప్పినప్పుడు కృపుడు అడ్డు చెప్తాడు. నిద్రపోతున్నవాళ్ళను చంపడం ధర్మం కాదంటాడు. ఈ రాత్రి పడుకో, రేపు ధృతరాష్ట్రుణ్ణీ గాంధారినీ విదురుణ్ణీ అడిగి చేద్దామంటాడు. చెప్పవలసిన మాటలన్నీ చెప్పాడు. అశ్వత్థామ వినలేదు, రథం ఎక్కాడు. అప్పుడు కృపుడు ఏం చేశాడు? వెనకే వెళ్ళాడు. కృతవర్మతో కలిసి శిబిరం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను, చేతులు జోడించినవాళ్ళను కూడా, నరికాడు. శిబిరానికి మూడుచోట్ల నిప్పు పెట్టడంలో చేయి కలిపాడు. తప్పని తెలిసి, తప్పని నోటితో చెప్పి, చివరికి గుమ్మం కాపలా కాసిన మనిషి. కృపుడికి శాపం లేదు. తర్వాత పరీక్షిత్తుకు విద్య నేర్పినవాడూ ఆయనే. వంశంలో మిగిలిన ఒకే ఒక్క మొలకను ఆ చేతుల్లోనే పెట్టారు.

బొబ్బిలిలో కూడా ఒక గురువు ఉన్నాడు.

కోట పడిపోయాక ఫ్రెంచి సైన్యం లోపలికి వచ్చింది. గోడల మీద శవాలు చూసి గెలిచామన్న సంబరంలో ఉన్నవాళ్ళు, కింద ఇళ్ళ మధ్య ఉన్న శవాలు చూసి నోట మాట లేక నిలబడిపోయారని, ఎంత కఠినుడికైనా కన్నీరు ఆగలేదని ఆర్మ్ రాశాడు. అప్పుడు దూరంగా ఏదో మరుగు నుంచి ఒక ముసలివాడు ఒక పిల్లవాడి చేయి పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. సైనికులు దారి ఇచ్చి, లా అనే ఫ్రెంచి అధికారి దగ్గరికి తీసుకెళ్ళారు. ముసలివాడు పిల్లవాణ్ణి ముందుకు జరిపి అన్న మాట ఇది: “ఇతను రంగారావు కొడుకు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా నేను కాపాడాను.” ఆ తర్వాత ఆర్మ్ ఆ ముసలివాణ్ణి పిల్లవాడి ఉపాధ్యాయుడిగా చెప్తాడు. పేరు రాయలేదు.

ముసలాయన అన్న ఆ రెండో వాక్యం దగ్గర ఆగండి. ఆయనకు అబద్ధం చెప్పే అవకాశం ఉంది. రాజుగారే నాకు అప్పగించారు, వంశం నిలపమన్నారు అని చెప్పవచ్చు. కాదనడానికి ప్రాణాలతో ఎవరూ లేరు. అలా చెప్పి ఉంటే ఆయన నమ్మకమైన సేవకుడయ్యేవాడు, రంగారావుకు మెత్తని మనసున్న తండ్రిగా పేరొచ్చేది, బుర్రకథకు మంచి ఘట్టం దొరికేది. ఆయన అలా చెప్పలేదు. రాజు చంపమన్నాడు, నేను ఒప్పుకోలేదు అన్నాడు. చనిపోయిన తన ప్రభువుకు లేని మంచితనం అంటగట్టలేదు, తన ఆజ్ఞాభంగాన్ని స్వామిభక్తిగా చిత్రించుకోలేదు. శత్రువు ముందు, ఆ శవాల మధ్య నిలబడి, లెక్క సరిగ్గా అప్పజెప్పాడు.

కృపుడు నోటితో కాదన్నాడు, చేతులతో ఔనన్నాడు. ఈయన నోరు మెదిపాడో లేదో మనకు తెలియదు. రాజుతో వాదించాడని ఆర్మ్ ఎక్కడా అనలేదు. చేతులు మాత్రం ఆడలేదు.

ఇక్కడ వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఎప్పుడు ఈ మాట ఎత్తినా ఎవరో ఒకరు అంటారు: ఆ కాలపు విలువలు వేరు, ఇవాళ్టి కొలబద్దతో రంగారావును కొలవకూడదు, గెలిచిన సైన్యం చేతిలో ఆడవాళ్ళకు ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. ఇందులో చివరి మాట నిజం. ఆ భయం ఊహ కాదు. బయట పదకొండు వేలమంది కాచుకుని ఉన్నారు, వాళ్ళు దయతో రాలేదు. రంగారావు క్రూరుడు కాబట్టి ఆ ఆజ్ఞ ఇచ్చాడని నేను అనుకోవడం లేదు. తనకు తెలిసిన మర్యాద అంతా ఆ ఆజ్ఞలోనే ఉందని అతను నమ్మి ఉంటాడు.

కానీ కాలం విలువలు అన్న వాదన ఆ ముసలాయన దగ్గర ఆగిపోతుంది. ఆయన ఇవాళ్టి మనిషి కాదు. అదే కోటలో, అదే ఉప్పు తిని, అదే మధ్యాహ్నం అదే పొగ పీల్చినవాడు. రాజుగారి బిడ్డకు అక్షరాలు దిద్దించినవాడు కాబట్టి ఆ మర్యాదలు ఆయనకు మనకంటే బాగా తెలుసు. బహుశా రంగారావు కంటే కూడా బాగా తెలుసు, నేర్పేది ఆయనే కదా. అన్నీ తెలిసి పిల్లవాణ్ణి తీసుకుని ఏదో మూల దాక్కున్నాడు. కాబట్టి రంగారావును కొలవడానికి మనం ఇవాళ్టి కొలబద్ద తేవాల్సిన పని లేదు. అతని కొలబద్ద అతని కోటలోనే, అతని కొడుకు పక్కనే ఉంది.

మరి మన కథలు ఆయన్ని ఎందుకు పట్టించుకోలేదు? నాకు తోచే జవాబు ఒకటే. మనకు స్వామిభక్తి మీద ఉన్న మోజు అంతా ఇంతా కాదు. అన్న తప్పు చేస్తున్నాడని తెలిసీ అతని కోసం చచ్చిన కుంభకర్ణుడంటే మనకు జాలి, మురిపెం. తప్పని చెప్పి బయటికి నడిచిన విభీషణుణ్ణి రాముడు అక్కున చేర్చుకున్నా మన సామెత మాత్రం వదల్లేదు, ఇంటి గుట్టు లంకకు చేటు అని ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. కర్ణుడు నిండు సభలో ద్రౌపదిని అన్న మాటలు మరిచిపోతాం, దుర్యోధనుడి ఉప్పు తిన్న రుణం తీర్చుకున్నాడని మాత్రం కన్నీళ్ళు పెట్టుకుంటాం. మాట మీద నిలబడటం, ప్రాణం ఇవ్వడం, ఎదురు తిరిగినవాణ్ణి వదలకపోవడం ఉంటే చాలు, ఆ మాట ఎవరికి ఇచ్చారో, ఏ పని కోసమో అడగం. ఈ లెక్కలో కాగడాలు పట్టుకున్నవాళ్ళు వీరులు, పిల్లవాడి చేయి పట్టుకున్నవాడు ఎవరూ కాదు.

బుస్సీ గురించి ఒక మాట. ఆర్మ్ చెప్పిన ప్రకారం కోటలో పరిస్థితి విన్నాక అతను లోపలికి వెళ్ళలేదు. గుడారంలోనే ఉండిపోయాడు. పిల్లవాణ్ణీ ముసలాయన్నీ అక్కడికే తెప్పించుకుని, సొంత సంరక్షకుడిలా ఆదరించి, తండ్రికి ఇవ్వజూపిన భూములు కొడుకు పేర రాయించమని వెంటనే ఆజ్ఞ ఇచ్చాడు. శత్రువుల కన్ను పడకుండా కాపలా పెట్టాడు. ఇవన్నీ మంచి పనులే. ఫ్రెంచివాళ్ళంటే గిట్టని ఇంగ్లీషువాడు కూడా మెచ్చుకున్నాడు. నాకు మాత్రం మొదటి వాక్యమే గుచ్చుకుంటుంది. తన ఫిరంగులు తెచ్చిపెట్టిన దాన్ని కళ్ళారా చూడటానికి అతను నాలుగు అడుగులు వేయలేదు. వెళ్తే ఏడ్చేవాడేమో. వెళ్ళకపోవడం వల్ల దయగా ఉండగలిగాడు. ఇలాంటి సున్నిత హృదయులు రాజ్యాలు ఏలేవాళ్ళలో చాలామంది ఉంటారు.

ఇక దుర్మార్గుడి సంగతి. విజయరామరాజు పోయాక విజయనగరం గద్దె మీదికి ఆనందరాజు వచ్చాడు. ఫ్రెంచివాళ్ళ మీద ఆగ్రహంతో ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు, మరుసటి ఏడాది మచిలీపట్నం కోట పడింది. కోస్తా మొత్తం కంపెనీ పాలనలోకి జారడానికి అదే మొదలు. పొరుగువాడి మీదికి ఒక దొరను తెచ్చినవాళ్ళు, ఆ దొర నచ్చకపోతే ఇంకొక దొరను తెచ్చారు. ఇంతవరకు దుర్మార్గుల వంశమనే అనుకోండి. కానీ 1794 జూలై 10న పద్మనాభం దగ్గర అదే గద్దె మీద, దత్తుడిగా వచ్చిన చిన విజయరామరాజు, కంపెనీ అడిగిన బాకీ చెల్లించక, రాజ్యం వదిలి మచిలీపట్నం పొమ్మంటే పోక, కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళాన్ని ఎదుర్కొని తన మనుషులతో కలిసి రణరంగంలో ప్రాణం విడిచాడు. చోటు ఖాళీ చేసి పొమ్మనడం, పోనని చావడం. 37 ఏళ్ళ కిందట బొబ్బిలిలో జరిగిందే, పాత్రలు తారుమారయ్యాయి. విజయనగరం వైపు పద్మనాభం పేరు చెప్తే ఇప్పటికీ గొంతు మారుతుంది. మా బంధువుల గొంతే నాకు సాక్ష్యం. ఊరు దాటితే వీరుడు మారతాడు, మెచ్చుకునే గుణం మాత్రం రెండు ఊళ్ళలోనూ ఒకటే.

పిల్లవాడి పేరు చిన రంగారావు. బుస్సీ రాయించిన పత్రాలతో అతని కష్టాలు తీరలేదు. పెద్దయ్యాక విజయనగరంవాళ్ళు పట్టుకుని ఖైదులో పెట్టారు. అక్కడి నుంచి తప్పించుకుని నిజాం రాజ్యంలోకి వెళ్ళిపోయాడు. పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు చనిపోయి విజయనగరం సంస్థానాన్ని కంపెనీ ముక్కలు చేశాక, 1794లోనే, అతన్ని పిలిపించి బొబ్బిలి తిరిగి అప్పగించారు. ఒక ఊరి వీరమరణం ఇంకొక ఊరికి రాజును తెచ్చిపెట్టింది. ఆ సంస్థానపు గద్దె మీదికి దత్తతలతో వచ్చినవారిలో ఒకరు 1932లో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని కూడా అయ్యారు. 1937 ఎన్నికల్లో సొంత గడ్డ బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. అది ఇంకో కథ. ఫిరంగులు లేకుండా జరిగింది కాబట్టి ఎవరూ పాడరు.

ఇదంతా చెప్పి, చూశారా, ముసలాయన వల్లే బొబ్బిలి నిలిచింది అనాలని నోటి దాకా వస్తుంది. అలా అంటే నా వాదనను నేనే చెడగొట్టుకున్నట్టు. వంశం నిలపడం కోసం ఆయన పిల్లవాణ్ణి దాచాడని ఆర్మ్ అనలేదు, నేనూ అనను. ఏం జరగబోతోందో ఆయనకు తెలియదు. కాగడాలవాళ్ళకు దొరికితే ద్రోహి కింద అక్కడే పొడిచేవాళ్ళు. గోడలెక్కి వచ్చే సిపాయి ముందు ఎవరో చూసి తుపాకీ పేల్చేవాడో, పేల్చి చూసేవాడో తెలియదు. విజయరామరాజు మనుషుల కంటబడితే రంగారావు వారసుడికి ఏ గతి పట్టేదో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పిల్లవాడు సాయంత్రానికి బతికి ఉంటాడన్న హామీ ఏ వైపు నుంచీ లేదు. ఆ గంటకు, ఆ క్షణానికి పిల్లవాణ్ణి చంపనివ్వకూడదు, అంతే ఆయనకు తెలిసింది.

ఒకవేళ కథ అడ్డం తిరిగి, లా దొర ఆ పిల్లవాణ్ణి విజయరామరాజుకు అప్పగించి ఉంటే ఆ ముసలాయన పేరు మనకు ఈపాటికి కంఠస్థమై ఉండేదని నా అనుమానం. రాజుగారి బిడ్డను చేయి పట్టుకుని తీసుకెళ్ళి శత్రువు చేతిలో పెట్టినవాడని ప్రతి బుర్రకథలోనూ అతన్ని తిట్టడానికే ఒక చరణం ఉండేది.